బైబిలులో 'నక్క': ఒక పదము, పలు భావములు

మన సంఘములలో 'నక్క' అను మాట వినబడినప్పుడు దాని అర్థమేమని ఎవరును అడుగరు. జిత్తులమారి, మోసగాడు, ఎదుట వినయముగా నిలిచి వెనుక గోతులు త్రవ్వువాడు అని తెలుగు చెవి వెంటనే గ్రహించును. అందరికి తెలిసిన మాట గనుక నిఘంటువు తెరువవలసిన పని లేదని ప్రసంగీకులుగా మనమును అనుకొందుము. అయితే తెలిసిన మాటయే ఒక్కొక్కసారి వాక్యమును మనకు కనబడకుండ చేయును.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము ఒక గ్రామ సంఘములో ఆదివారపు ఆరాధనకు అతిథులుగా వెళ్లితిమి. మందిరపు స్థలము విషయమై ఆ సంఘములో తగవు నడుచుచుండెను. కాపరి లూకా 13:32 చదివి, ప్రభువే నక్కను నక్క అని పిలిచినప్పుడు మనము ఎందుకు పిలువకూడదని అడిగి, మూడవ వరుసలో కూర్చున్న ఒక పెద్ద వైపు చూచెను. పేరు చెప్పలేదు, చెప్పనక్కరయు లేకపోయెను. ఆరాధన ముగిసిన తరువాత ఆ పెద్దాయన గుమ్మము దగ్గర మా చేయి పట్టుకొని, "అయ్యగారూ, యేసుప్రభువు నాలాంటోళ్లనే నక్క అన్నాడంటారా?" అని అడిగెను. మేము సమయోచితముగా ఏదో చెప్పి తప్పించుకొంటిమి. ఆ దినమున ఇయ్యవలసియుండిన జవాబును ఈ వ్యాసములో వెదకుచున్నాము.

తెలుగువారి నక్క

మొదట మన భాషనే చూతము. తెలుగులో వట్టి 'నక్క' అనినప్పుడు పల్లెవాసి మనస్సులో మెదలునది సాయంకాలము ఊరిబయట గుంపుగా ఊళ వేయు జంతువు. సుమారు 10 కిలోల బరువుతో కుక్కను పోలియుండి, చచ్చినదానిని సహితము తినును. 'గుంటనక్క' వేరొక జాతి. దాని బరువు సుమారు 2, 3 కిలోలే. సన్నని కాళ్లు, నల్లని కొనగల గుబురు తోక కలిగి, మెట్టభూములలో బొరియలు త్రవ్వుకొని, ఎలుకలను, పురుగులను, రేగుపండ్లను తిని బ్రదుకును. ఇంగ్లీషువారు ఈ రెంటికి సంబంధములేని రెండు పేర్లు పెట్టిరి. మనము ఒకే పేరు పెట్టి, చిన్నదానికి ముందు 'గుంట' చేర్చితిమి. బైబిలు దేశములోను ఈ రెండు కుటుంబముల జంతువులు ఉన్నవి: ఊళవేయు నక్కయు, ఎఱ్ఱనక్కయు. ఈ సంగతి ముందుకు మనకు పనికివచ్చును.

నక్కకు జిత్తులమారి అను పేరు మనకు కథల ద్వారా స్థిరపడినది. పంచతంత్రములో సింహమునకు, ఎద్దునకు మధ్య చిచ్చుపెట్టిన దమనకుడు నక్కయే. చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రికను పాఠ్యపుస్తకముగా చదివిన తరములవారికి ఈ నక్క బాగుగా పరిచయము. గ్రీకు కథలలో గుంటనక్క పోషించు పాత్రను మన కథలలో ఊళవేయు నక్క పోషించినదని చెప్పవచ్చును. 'నక్కజిత్తులు', 'నక్కవినయము' అను మాటలు ఈ నక్కవే.

అయినను తెలుగు నక్క అంతటితో ముగియదు. అదృష్టము కలిసివచ్చినవానిని "నక్కను తొక్కి వచ్చావా?" అని అడుగుదుము. ఇందులో మోసము లేదు. "నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా" అందుము. ఇందులోను మోసము లేదు; నక్క అతి అల్పమైనది, పోలికకు నిలువనిది అనునదే భావము. ఈ రెండవ సామెతను పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. లూకా సువార్తయొద్దకు వచ్చినప్పుడు దీనిని మరల తీసికొందుము.

హెబ్రీ 'షూఆల్'

పాత నిబంధనలో 'షూఆల్' అను హెబ్రీ పదము జంతువు పేరుగా ఆరు వచనములలో ఏడు మారులు మాత్రమే వచ్చుచున్నది: న్యాయాధిపతులు 15:4, నెహెమ్యా 4:3, కీర్తన 63:10, పరమగీతము 2:15లో రెండు మారులు, విలాపవాక్యములు 5:18, యెహెజ్కేలు 13:4. ఇంత తక్కువ గనుక అన్నిటిని ఒక్క సాయంకాలములో చదివివేయవచ్చును. మేము విద్యార్థులతో ఆలాగు చదివినప్పుడెల్ల వారికి కలుగు ఆశ్చర్యము ఒక్కటే: జిత్తులు ఎక్కడ?

సమ్సోను పట్టినవి మూడువందలు. గుంటనక్కలు ఒంటరిగానో జతగానో తిరుగును. ఊళవేయు నక్కలు గుంపులుగా తిరుగును. అందుచేత ఇక్కడ 'షూఆల్' అనగా ఊళవేయు నక్కయే అని అనేక వ్యాఖ్యాతలు తలంచుచున్నారు. ఆ ప్రాంతములో అవి విస్తారముగా ఉండెననుటకు ఊరిపేరే ఒక సూచన. సమ్సోను ఊరైన జొర్యాతోపాటు దాను గోత్రపు పట్టణముల జాబితాలో (యెహోషువ 19:41, 42) కనబడు షయల్బీను అను పేరు నక్కలకు సంబంధించినదే. ఏమైనను, ఈ కథలో నక్కల పని నిప్పును చేలలోనికి మోయుటయే. జిత్తు సమ్సోనుది గాని వాటిది కాదు.

కీర్తన 63:10లో శత్రువుల శవములు పాతిపెట్టువారు లేక జంతువులకు భాగమగుచున్నవి. ఇక్కడను చచ్చినదానిని తిను ఊళవేయు నక్కయే పొసగును. నెహెమ్యా 4:3లో అమ్మోనీయుడైన టోబీయా యూదులు కట్టుచున్న గోడను ఎగతాళి చేయుచు, ఒక నక్క దానిమీదికి ఎక్కినను అది పడిపోవునని అనుచున్నాడు. నక్క తేలికైన జంతువు కానియెడల ఈ ఎగతాళి పండదు.

విలాపవాక్యములు 5:18లో నక్క శిథిలములకు గుర్తు. మనుష్యులు విడిచిన సీయోను కొండమీద అది తిరుగులాడుచున్నది. ఈ వచనమును గూర్చి తల్మూదులో (మక్కోత్ 24బి) ఒక ప్రసిద్ధమైన కథ ఉన్నది. దేవాలయము పాడైన తరువాత నలుగురు రబ్బీలు యెరూషలేమునకు వచ్చినప్పుడు, అతిపరిశుద్ధ స్థలము ఉండిన చోటనుండి ఒక నక్క వెలుపలికి వచ్చుట చూచిరట. ముగ్గురు ఏడ్చిరి. రబ్బీ అకీబా నవ్వెను. ఎందుకని అడుగగా, నాశనమును గూర్చిన ప్రవచనము అక్షరాల నెరవేరినది గనుక, యెరూషలేము వీధులలో వృద్ధులు మరల కూర్చుందురను జెకర్యా ప్రవచనము (8:4) కూడ నెరవేరునని తనకు నిశ్చయమైనదని జవాబిచ్చెను. ఆదివారపు ప్రసంగమునకు పనికివచ్చు కథయే గాని, ఇక్కడ మాకు కావలసినది ఒక్క సంగతి: ఆ నక్క ఎవరిని మోసము చేయలేదు. అది అక్కడ ఉండుటయే దుఃఖము.

ఇప్పుడు యెహెజ్కేలు 13:4. ఇశ్రాయేలు ప్రవక్తలు పాడైన చోట్లనుండు నక్కలవంటివారని ప్రవక్త అనుచున్నాడు. తెలుగు ప్రసంగీకుడు దీనిని 'వారు మోసగాండ్రు' అని వెంటనే వివరించును. వారు మోసగాండ్రే, ఆ మాట అధ్యాయములో మిగిలిన చోట్ల విస్పష్టముగా ఉన్నది. అయితే నక్క పోలిక చెప్పుచున్నది అది కాదు. తరువాతి వచనము చూడుడి: వారు గోడలోని గండ్ల దగ్గరకు ఎక్కిపోలేదు, గోడను బాగుచేయలేదు. పదియవ వచనమునకు వచ్చునప్పటికి బలహీనమైన గోడకు పైపూత పూయుచున్నారు. నక్కకు శిథిలము నివాసము. కూలిన రాళ్ల మధ్య దానికి బొరియ దొరకును. గోడ తిరిగి కట్టబడినయెడల దాని బొరియ పోవును. కావున గోడ పాడై ఉండుటవలననే దానికి బ్రదుకు. యెహెజ్కేలు ప్రవక్తలను నక్కలని పిలుచుటలోని పదును ఇక్కడ ఉన్నదని మా అభిప్రాయము: ప్రజల పతనము వారికి వసతి. సంఘములో తగవు తీరినయెడల ఎవరి పలుకుబడి తగ్గిపోవును అను ప్రశ్నను ఈ వచనము ఎదుట పెట్టుకొని అడుగవచ్చును. ఆ ప్రశ్న కూర్చున్నవారికంటె ముందు నిలువబడి మాట్లాడువారిని తాకును. ఎందుకనగా ఈ ఏడింటిలో మనుష్యులను సూటిగా నక్కలతో పోల్చినది ఇక్కడ మాత్రమే, ఆ మనుష్యులు ప్రసంగీకులు.

పరమగీతము 2:15 వేరొక చిక్కు. హెబ్రీలో మొదట 'నక్కలు' అనియు, వెంటనే 'చిన్న నక్కలు' అనియు ఉన్నది. మన పాత తెలుగు అనువాదము రెండవదానికి 'గుంటనక్కలు' అని వాడినది. జంతుశాస్త్రము దృష్ట్యా అది చక్కని ఎంపిక; చిన్న జాతికి మన పల్లెలలో ఉన్న అసలు పేరు అదే. అయితే వాడుకలో 'గుంటనక్క' అనినయెడల నక్కకంటె ఎక్కువ కపటి అని అర్థము. హెబ్రీలో చిన్నదనము ఉన్నచోట తెలుగు చెవికి కపటము పెరిగి వినబడుచున్నది. ఇంగ్లీషు ప్రసంగముల ప్రభావముచేత 'చిన్న నక్కలు అనగా చిన్న పాపములు' అని మన వేదికలమీదను వినుచున్నాము. ఈ పద్యములో పాపప్రస్తావన లేదు. పూతపట్టిన ద్రాక్షతోట ఈ గీతములో ప్రేమకును, యువతికిని సంకేతముగా వచ్చుచుండును (1:6, 8:12). పూతమీద ఉన్న ప్రేమను పాడుచేయువాటిని పట్టుకొనుడను పిలుపు ఇది. పెండ్లి ఆరాధనలలో దీనిని ఇంకను ఎక్కువగా వాడుకొనవచ్చునని మాకు తోచుచున్నది.

మొత్తముమీద ఈ ఏడు చోట్ల నక్క నిప్పు మోయును, శవములు తినును, గోడ ఎక్కును, శిథిలములలో తిరుగును, తోటను చెరుపును. ఒక్కచోటనైనను జిత్తులు పోలికకు మూలము కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. తెలుగు పదసూచికలో 'నక్క' కింద చూచువారికి ఇంకను అనేక వచనములు కనబడును: యోబు 30:29, కీర్తన 44:19, యిర్మీయా 9:11, మీకా 1:8 మొదలగునవి. వాటిలో ఉన్నది 'షూఆల్' కాదు. 'తన్', బహువచనము 'తన్నీమ్'. ఇది అరణ్యములో ఊళవేయు నక్క. కింగ్ జేమ్సు అనువాదకులు దీనిని 'తన్నీన్' అను భయంకర సర్పముతో కలిపివేసి అనేక చోట్ల ఘటసర్పములను పెట్టిరి. ఈ విషయములో మన తెలుగు అనువాదమే మేలు. విలాపవాక్యములు 4:3లో ఈ నక్క తన పిల్లలకు పాలిచ్చు తల్లి. యెరూషలేము తల్లులకంటె అది కనికరము గలదిగా చూపబడినది. నక్క అనగానే కీడు అని తలంచువారు ఈ వచనముమీద కొంతసేపు నిలువవలెను.

అచ్చులు లేని హెబ్రీ వ్రాతలో ఈ పదము ఎంత సులువుగా పొరబాటుకు తావిచ్చునో చూపుటకు ఒక్క ఉదాహరణ. 1 రాజులు 20:10లో బెన్హదదు, తన వెంటనున్న జనులందరికి పిడికెడు చొప్పున చాలునంత ధూళియైనను షోమ్రోనులో మిగులదని బెదిరించుచున్నాడు. పిడికిళ్లకును నక్కలకును హల్లులు ఒక్కటే. గ్రీకు సెప్టువజింతు అనువాదకుడు నక్కలని చదివి, షోమ్రోను ధూళి నక్కలకు చాలదని వ్రాసెను. పాపము, ఆయనకు తోచిన అర్థము ఏమో!

ఆయుధమైన నక్క

సంఘచరిత్రలో ఈ వచనములు ఎక్కువగా ఒక్క పనికే ఉపయోగపడెను: ఎదుటివానికి పేరు పెట్టుటకు. పరమగీతములోని చిన్న నక్కలు దుర్బోధకులని బహుకాలముగా చెప్పుకొనుచు వచ్చిరి. 12వ శతాబ్దములో క్లెర్వో మఠాధిపతియైన బెర్నార్డు పరమగీతముమీద చేసిన ప్రసంగములలో 65, 66వవి ఈ నక్కలను తన కాలపు భిన్నబోధకులతో సమానము చేసినవి. 1215లో జరిగిన నాలుగవ లాతరాను సభ మూడవ నిబంధనలో సమ్సోను నక్కలు వచ్చినవి: భిన్నబోధకుల ముఖములు వేరైనను తోకలు కట్టబడియున్నవని. 1520 జూన్ 15న పోపు పదియవ లియో మార్టిన్ లూథరుకు వ్యతిరేకముగా వెలువరించిన ఆజ్ఞాపత్రము ఆరంభములోనే ద్రాక్షతోటను పాడుచేయ లేచిన నక్కలను గూర్చి మొరపెట్టినది. అనగా నేడు మన ప్రొటెస్టెంటు వేదికలమీదనుండి ఎవనినైనను నక్క అని పిలుచునప్పుడు, ఒకప్పుడు మన పితరులమీద విసరబడిన రాతినే మనము తీసికొనుచున్నాము. సంస్కర్తలును తమ వంతు విసరిరి. అందులో ఎవరును చేతులు కడుగుకొనలేరు.

"ఆ నక్కతో"

ఇట్లు లూకా 13:32నకు వచ్చుచున్నాము. క్రొత్త నిబంధనలో 'అలోపెక్స్' అను గ్రీకు పదము మూడు చోట్లనే ఉన్నది. మత్తయి 8:20, దాని సమాంతరమైన లూకా 9:58 బొరియలుగల నక్కలను గూర్చినవి. అక్కడ నక్క దూషణ కాదు, దానికి ఇల్లున్నది, మనుష్యకుమారునికి లేదు, అంతే. మిగిలినది హేరోదు అంతిపను గూర్చిన మాట.

ముందుగా ఒక తప్పుడు వివరణను తొలగింతము. గ్రీకులో ఈ మాట స్త్రీలింగములో ఉన్నది గనుక ప్రభువు 'ఆడునక్క' అని, హేరోదియను ఉద్దేశించెనని కొందరు బోధించుచున్నారు. 'అలోపెక్స్' వ్యాకరణరీత్యా ఎల్లప్పుడు స్త్రీలింగమే. బొరియలున్న నక్కలును స్త్రీలింగమే. దీనిమీద ఏ సిద్ధాంతమును కట్టరాదు.

గ్రీకువారికి నక్క జిత్తులకు పేరుపొందినది. సింహపు చర్మము చాలనిచోట నక్క చర్మము అతికించవలెనని స్పార్టా సేనాధిపతియైన లిసాండరు చెప్పినట్లు ప్లుటార్కు వ్రాసెను. యూదులును ఈ నక్కను ఎరుగుదురు. రబ్బీ మేయీరుకు మూడువందల నక్కకథలు వచ్చునని తల్మూదు (సన్హెద్రిన్ 38బి) చెప్పుచున్నది. కావున జిత్తులు అను భావము లూకాలో లేదని మేము అనుటలేదు. అయితే యూదుల వాడుకలో నక్క సింహమునకు ఎదురుగా నిలుచునప్పుడు అర్థము మారును. నక్కలకు తలగా ఉండుటకంటె సింహములకు తోకగా ఉండుట మేలని పితరుల సూక్తులలో రబ్బీ మత్యా బెన్ హెరెష్ బోధ. గొప్ప పండితుడని పొగడబడినవాడు ప్రశ్నలకు మౌనముగా ఉండిపోయినప్పుడు, నీవు చెప్పిన సింహము నక్కయైనదని ఒక రబ్బీ అనెను (బాబా కమ్మా 117ఎ). ఇది మన నాగలోకపు సామెతలోని నక్కయే: అల్పుడు, గొప్పవానివలె నటించువాడు. హేరోదు అంతిపను గూర్చి 1972లో విపులమైన గ్రంథము ప్రకటించిన హెరాల్డ్ హోనర్, ఈ మాటలో జిత్తును, అల్పత్వమును రెండును ఉన్నవని నిర్ణయించెను. మాకును అదే సరియని తోచుచున్నది. అయితే తూకము అల్పత్వము వైపు మొగ్గుచున్నదని అందుము.

అంతిప చరిత్ర దీనికి సాక్ష్యము. అతడు రాజు కాడు, గలిలయ పెరయ ప్రాంతములకు చతుర్థాధిపతి మాత్రమే. నబతీయుల రాజైన అరెత కుమార్తెను విడిచి హేరోదియను తెచ్చుకొనెను, క్రీ.శ. 36లో ఆ అరెత చేతిలో అతని సైన్యము ఓడిపోయెను. హేరోదియ ప్రోద్బలముతో రాజబిరుదు కోరి రోముకు వెళ్లగా, క్రీ.శ. 39లో గాయు కలిగులా ఉన్న పదవిని సహితము తీసివేసి గాలు దేశమునకు పంపివేసెను. సింహాసనము కోరిన నక్క గతి అది.

సందర్భమును మరువరాదు. హేరోదు నిన్ను చంపగోరుచున్నాడని పరిసయ్యులు వచ్చి చెప్పిరి. యోహానును చంపించినవాడు అతడే. అతడు ఖడ్గము గలవాడు. ప్రభువు చేతిలో ఏమియు లేదు. అట్టివానికి కబురు పంపుచు, నేడును రేపును నా పని నేను చేయుదును, నా మరణకాలము అతని చేతిలో లేదని ప్రభువు చెప్పెను. నక్క అను మాట ఇక్కడ బలహీనుడు బలవంతునితో, అతని ఎదుటికే పంపిన మాట. రెండు వచనముల తరువాత ప్రభువు తన్ను పిల్లలను రెక్కల క్రింద చేర్చుకొనగోరిన కోడితో పోల్చుకొనుచున్నాడు. కోళ్లగూటి దగ్గరకు నక్క వచ్చిన రాత్రి ఏమి జరుగునో పల్లెలో పెరిగినవారికి చెప్పనక్కరలేదు. ప్రభువు సింహముగా నిలువలేదు, కోడిగా నిలిచెను. ఈ రెండు పోలికలను విడదీసి మొదటిదానిని మాత్రమే ప్రసంగించుట మా దృష్టిలో వాక్యమునకు అన్యాయము.

తర్జుమా విషయములో ఒక్క మాట. భావము సులభముగా తెలియుటకు ఇక్కడ 'జిత్తులమారి నక్క' అని వ్రాయవలెనని కొందరు విద్యార్థులు సూచించుచుందురు. ఆ విశేషణము చేర్చినయెడల ఒక అర్థము నిలిచి రెండవది మూసుకొనిపోవును. వట్టి 'నక్క'యే ఉండనిచ్చి, అడుగున వివరణ చేర్చుట మంచిది.

మేము మరుసటి సంవత్సరము ఆ గ్రామమునకు వెళ్లినప్పుడు ఆ పెద్దాయన మూడవ వరుసలో లేడు. ఇంటికి వెళ్లి కలిసికొంటిమి. లూకా 13 చదివి, హేరోదు ఎవడో, వాని చేతిలో ఏమి ఉండెనో చెప్పితిమి. నీ చేతిలో మందిరపు తాళపుచెవి తప్ప ఏముండెను, ఆ మాట నీది కాదని చెప్పితిమి. తరువాత యెహెజ్కేలు 13 కూడ చదివితిమి. ఆయన నాలుగవ వచనము దగ్గర ఆపి, మరల చదివించుకొని, "ఇది మా అయ్యగారికి చెప్పారా?" అని అడిగెను.

ఇంకను చెప్పలేదని ఒప్పుకొంటిమి.